స్వర్ణాల చెరువు నీళ్లలో కాళ్ల నొప్పి ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మేడమ్‌గారూ, నాకు 36 ఏళ్లు. మాది బుచ్చిరెడ్డిపాళెం. నెల్లూరులో బట్టల షాపులో పని. పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా నిలబడే ఉంటాను. పెద్దమనిషి అయినప్పటి నుంచీ నా తొడలు, పిక్కలు లావు. రెండో కాన్పు తర్వాత ఇంకా పెరిగాయి. నడుము పైన మాత్రం సన్నగానే ఉంటాను. పిల్లాడు ఒళ్లో ఎక్కి కూర్చుంటే తొడలు నొప్పి. ఎక్కడ తగిలిందో తెలియకుండానే నీలం మచ్చలు. మా అత్తమ్మ “అంతంత అన్నం తింటే కాళ్లు అట్ట కాక ఎట్ట ఉంటాయి” అంటుంది. రాత్రి అన్నం మానేసి ఎనిమిది కిలోలు తగ్గాను. ముఖం పీక్కుపోయింది గానీ కాళ్లు అలాగే ఉన్నాయి. చెన్నైలో ఒక డాక్టరుగారు చూసి ఇది లిపిడీమా అన్నారు, ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నారు. ఇక్కడ ఒక సెంటరు వాళ్లు 20 సిట్టింగుల మసాజ్ ప్యాకేజీ చెబుతున్నారు. మా తమ్ముడు గాలి మిషన్ కొందామంటాడు. షాపులో ఒకామె టైట్ సాక్సులు చాలంటుంది. మా ఆయన నా గొలుసు కుదువ పెట్టయినా చేయిద్దామంటున్నారు. ఏది చేయించుకుంటే కాళ్లు సన్నబడతాయి? ఇంకో సంగతి. మొన్న రొట్టెల పండుగకి స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో అరగంట పైనే నిలబడ్డాను. ఆ రాత్రి ఎన్నాళ్లకో కాళ్ల నొప్పి లేకుండా నిద్రపోయాను. అది మొక్కు మహిమా, నీళ్ల మహిమా?

జవాబు: అమ్మా, ముందు ఆ గొలుసు మీ మెడలోనే ఉండనివ్వండి. కుదువ పెట్టేంత ఖర్చు మీకు ఇప్పుడు అవసరం లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నేను ఫిజియోథెరపిస్టుని. ఒంగోలులోనూ నెల్లూరులోనూ కలిపి ఇరవై ఎనిమిదేళ్లు ఈ పని చేశాను. మీ ఉత్తరం చదువుతుంటే ఒకావిడ గుర్తొచ్చారు. ఒంగోలు దగ్గర పల్లె, పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లేవారు. మోకాళ్ల నొప్పులని నా దగ్గరికి వచ్చారు. నడుము సన్నం, కాళ్లు మాత్రం పైనుంచి చీలమండ దాకా ఒకే లావు. పిక్క మీద చెయ్యి వేయగానే “అబ్బా” అని కాలు వెనక్కి లాక్కున్నారు. కొవ్వుంటే నొప్పెందుకుండాలి అని ఆ రోజు నాకు తట్టలేదు. బరువు తగ్గమ్మా, అన్నీ సర్దుకుంటాయి అని చెప్పి పంపేశాను. ఆవిడ మళ్లీ రాలేదు. ఈ జబ్బుని 1940లోనే అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్లు వివరించి పేరు పెట్టారు. నా చదువులో మాత్రం ఆ మాట ఎక్కడా తగల్లేదు. తర్వాత తెలుసుకున్నాక ఆవిడ ఊరు వెతుక్కుంటూ వెళ్లాను, కూతురి దగ్గరికి వలస వెళ్లారని చెప్పారు. అప్పట్నుంచి ఇలాంటి కాళ్లతో ఎవరొచ్చినా తిండి గురించి కాకుండా నొప్పి గురించి ముందు అడుగుతున్నాను.

మీ అత్తమ్మగారికి ఈ నాలుగు ముక్కలు చదివి వినిపించండి. లిపిడీమా దాదాపుగా ఆడవాళ్లకే వస్తుంది. పెద్దమనిషి అయినప్పుడో, కాన్పప్పుడో, ముట్లు ఆగేటప్పుడో మొదలవుతుంది, లేదా పెరుగుతుంది. చర్మం కింద కొవ్వు పిరుదుల నుంచి చీలమండల దాకా రెండు కాళ్లకీ ఒకేలా చేరుతుంది. పాదాల్ని వదిలేస్తుంది. అందుకే మీ పట్టీలు పాదం దగ్గర వదులుగానే ఉంటాయి, వాటి పైన మాత్రం కండ మడత పడి కూర్చుంటుంది. ముట్టుకుంటే నొప్పి, ఊరికే కమిలిపోవడం ఈ జబ్బు గుర్తులు. కడుపు మాడ్చుకుంటే ముఖం, ఛాతీ తగ్గుతాయి, కాళ్లు అంత తేలిగ్గా తగ్గవు. మీ విషయంలో అదే జరిగింది. బరువు పెరిగితే మోకాళ్ల మీద భారం పెరుగుతుంది కాబట్టి తగ్గిన ఎనిమిది కిలోలు తిరిగి రాకుండా చూసుకోండి. రాత్రి పస్తు మాత్రం మానేయండి. గుడ్డో పప్పో చేపో ఉండేలా కొంచెం తినండి.

మన వైపు కాలు లావుగా కనిపిస్తే ముందు వినపడే మాట బోదకాలు. అందులో తప్పేం లేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాలు ఎప్పటినుంచో ఫైలేరియా ఉన్న జిల్లాలే, ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు మింగించింది అందుకే. కానీ బోదకాలు సాధారణంగా ఒక కాలికి వస్తుంది, రెండింటికీ వచ్చినా ఒకటి ఎక్కువ ఒకటి తక్కువగా ఉంటుంది. పాదం పైభాగం, వేళ్లు కూడా ఉబ్బుతాయి. ఇంట్లోనే చూసుకునే పరీక్ష ఒకటి ఉంది. కాలి బొటనవేలి పక్క వేలు మొదట్లో చర్మాన్ని రెండు వేళ్లతో చిటికెలా పట్టి పైకి లేపండి. పల్చటి మడత లేచిందంటే లింఫు నీరు (కండలోంచి సన్నటి నాళాల ద్వారా తిరిగి రక్తంలోకి వెళ్లాల్సిన ద్రవం) అక్కడ పేరుకున్నట్టు కాదు. దళసరిగా ఉండి మడత లేవకపోతే అది లింఫిడీమా వైపు గుర్తు, బోదకాలు కూడా ఆ కోవలోదే. లిపిడీమా, లింఫిడీమా పేర్లు దగ్గరగా ఉండటం వల్ల చాలామంది రెంటినీ ఒకటే అనుకుంటున్నారు. మీకు డాక్టరుగారు చూసి చెప్పారు కాబట్టి భయం లేదు. అయినా ఈ పరీక్ష నెలకోసారి చేసుకోండి. ఏళ్లు గడిచేకొద్దీ లిపిడీమా ఉన్నవాళ్లలో కొందరికి లింఫు వాపు కూడా తోడవుతుంది. అప్పుడు చికిత్స వరస మారుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మసాజ్, మిషన్, సాక్సులు, వీటిలో ఏది చేస్తే కాళ్లు సన్నబడతాయి? ఏదీ సన్నబరచదు తల్లీ. మీరు డబ్బు కట్టేముందు ఈ మాట వినాలి కాబట్టి మొహమాటం లేకుండా చెబుతున్నాను. 2024లో జర్మనీ నిపుణులు ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఒత్తిడి చికిత్స (బిగుతు స్టాకింగ్స్, కట్లు లాంటివి) వల్ల ఆ కొవ్వు తగ్గదని, నొప్పి తగ్గుతుందని రాశారు. సెంటరు వాళ్లు మొదటి రోజు టేపు పెట్టి, పదో రోజు టేపు పెట్టి రెండు అంగుళాలు తగ్గిందని చూపిస్తారు. అది అబద్ధం కాకపోవచ్చు. తగ్గింది కండలో నిలిచిన కాస్త నీరు. పది గంటలు నిలబడే మనిషికి అది వారం తిరిగేసరికి మళ్లీ చేరుతుంది. మారగలిగింది వేరే ఉంది: సాయంత్రానికి కాళ్లలో సీసం పోసినట్టుండే బరువు, పిల్లాడు ఒళ్లో కూర్చుంటే వచ్చే నొప్పి, మెట్లెక్కేటప్పుడు ఆయాసం. చికిత్సల్ని వీటితో పోల్చి చూడాలి. అలా చూస్తే లెక్క తేలిగ్గా తెగుతుంది.

ఆ లెక్కకి మీ స్వర్ణాల చెరువు దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట అదే. మొక్కు మీది, నమ్మకం మీది, దాని జోలికి నేను రాను. నీళ్లు ఏం చేశాయో మాత్రం చెప్పగలను. నీళ్లలో నిలబడితే లోతుని బట్టి చర్మం మీద ఒత్తిడి పడుతుంది. బీపీ చూసే లెక్కలోనే చెప్పాలంటే ఒక మీటరు లోతుకి దాదాపు 74 మిల్లీమీటర్ల పాదరసం. మోకాళ్ల లోతంటే సుమారు 45 సెంటీమీటర్లు అనుకుందాం. చీలమండ దగ్గర 33 దాకా పడుతుంది. పిక్క దగ్గరికి వచ్చేసరికి తగ్గుతుంది, నీటి అంచున సున్నా అవుతుంది. అంటే కింద గట్టిగా, పైకి పోయేకొద్దీ మెల్లగా, కాలు చుట్టూతా ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా పట్టి ఉంచింది. కాళ్లని అదిమి ఉంచే కంప్రెషన్ స్టాకింగ్స్‌ని బిగుతుని బట్టి క్లాసులుగా విడదీస్తారు; డాక్టర్లు రాసే రెండో క్లాసు ఒత్తిడి 23 నుంచి 32. ఆ రోజు అరగంట సేపు మీరు చెరువునే స్టాకింగ్స్‌లా తొడుక్కున్నారన్నమాట. దానికి తోడు నీళ్ల చల్లదనం. చుట్టూ జనం, రొట్టె పట్టుకుని అటూ ఇటూ అడుగులు వేశారు కాబట్టి పిక్క కండరం కూడా పనిచేసింది. ఒత్తిడి, కదలిక కలిసి నిలిచిన నీటిని పైకి తోశాయి. రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

కాబట్టి మీ శరీరం ఒత్తిడికి, కదలికకి బాగా స్పందిస్తోంది. ఇది మీరు పైసా ఖర్చు లేకుండా చేసుకున్న పరీక్ష. నా వరసలో మొదటి రెండు చోట్లూ వీటికే.

మొదటిది స్టాకింగ్స్. మీ షాపులో ఆమె చెప్పింది సగం నిజం. “టైట్ సాక్సులు” అని మెడికల్ షాపులో స్మాల్, మీడియం, లార్జ్ అని పెట్టెల్లో దొరికేవి మామూలు వెరికోస్ కాళ్లకి సరిపోతాయి. అవి గుండ్రంగా అల్లినవి, పల్చగా సాగుతాయి. మీలాంటి కాలికి చీలమండ సన్నం, పిక్క లావు, మోకాలి లోపలివైపు కండ మడత. అలాంటి కాలికి వేస్తే అది మడతలోకి దూరి, పైఅంచు చుట్టుకుపోయి రబ్బరు బ్యాండులా కోస్తుంది. సాయంత్రం తీసేసరికి ఎర్రటి గాడి పడి ఉంటుంది. ఆ గాడి కింద నీరు ఆగిపోతుంది. అలా ఒకసారి బాధపడినవాళ్లు నాకు స్టాకింగ్స్ పడవని అటక మీద పడేస్తారు. పడనిది ఆ అల్లిక. లిపిడీమాకి ఎక్కువగా చెప్పేది ఫ్లాట్ నిట్ అంటారు, కొలత ఇచ్చి అల్లిస్తారు, వెనక కుట్టు ఉంటుంది, గుడ్డ కాస్త దళసరిగా, బిరుసుగా ఉంటుంది. బిరుసు కాబట్టే మడతలోకి దూరకుండా మీదనుంచి అదిమి ఉంచుతుంది. మన దగ్గర ఇవి ఆర్డరు మీద తెప్పించాల్సి వస్తుంది, ఖర్చు వేలల్లోనే. కానీ ఆ ప్యాకేజీ డబ్బు దాంతో పోల్చి చూడండి. మసాజ్ సిట్టింగు అయిపోతే అయిపోయినట్టే. ఇవి రోజూ వాడితే సుమారు ఆరు నెలలు పని చేస్తాయి, తర్వాత సాగిపోతాయి కాబట్టి మార్చుకోవాలి.

మొదటి క్లాసుతో మొదలుపెట్టండి, దాని ఒత్తిడి 18 నుంచి 21. నొప్పి ఉన్న కాలికి ఒక్కసారే రెండో క్లాసు తొడిగితే రెండు రోజుల్లో విసుగొస్తుంది. మొదట రోజుకి రెండు గంటలు, వారం తర్వాత నాలుగు, అలా పెంచుకుంటూ పోండి. పడుకునేటప్పుడు తీసేయాలి.

తొడగడం కూడా ఒక విద్య. పొద్దున స్నానం అయ్యాక కాళ్లు పూర్తిగా ఆరనివ్వండి. వంటింట్లో గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు చేతులకి వేసుకోండి. కుర్చీలో కూర్చుని, స్టాకింగ్‌లో చెయ్యి పెట్టి మడమ దాకా లోపలిది బయటికి తిప్పండి. ముందు పాదం, తర్వాత మడమ సరిగ్గా దాని గూట్లో కూర్చోబెట్టండి. ఆ పైన అంచు పట్టుకుని లాగకూడదు. గ్లౌజు వేసిన అరచేతుల్తో, చపాతీ పిండి మీద పొడి చల్లి నిమిరినట్టు, కొంచెం కొంచెంగా పైకి సర్దుకుంటూ పోవాలి. మొదటి వారం పావుగంట పడుతుంది, చెమటలు పడతాయి, కోపం వస్తుంది. నెల తిరిగేసరికి మూడు నిమిషాల్లో అయిపోతుంది. పైఅంచు ఎక్కువైందని మాత్రం ఎప్పుడూ మడవకండి. మడత పడ్డచోట ఒత్తిడి రెట్టింపు అవుతుంది.

రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకి ఇవెలా వేసుకుంటాం మేడమ్ అని మీరు అడగకముందే నాకు వినపడుతోంది. నిజమే, విదేశీ పుస్తకాల్లో ఈ కష్టం ఉండదు. రెండు జతలుంటే చెమట పట్టింది ఉతికి, నీడన ఆరేసుకోవచ్చు. బస్సులోనూ షాపులోనూ చిన్న స్ప్రే సీసాతో నీళ్లు చల్లుకుంటే తొడుక్కుని ఉండగానే చల్లబడుతుంది. ఏసీ ఉన్న షాపైతే మీకు అదృష్టమే, నిలబడే గంటలన్నీ అక్కడే కదా. పాదంలో వాపు లేదు కాబట్టి వేళ్లు, పాదం వదిలేసి చీలమండ దాకా ఉండే లెగ్గింగు రకం కూడా అడగొచ్చు. అది వేసుకున్న సాయంత్రాలు పాదం పైభాగం ఉబ్బుతోందేమో చూసుకోండి. ఉబ్బితే పాదం ఉన్న రకమే మంచిది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఇంట్లో ఉన్న రోజున తీసేసినా కొంపలేం మునగవు. ఏడాదిలో పది నెలలు వేసుకున్నా చాలా లాభం.

రెండోది కదలిక, అందులో నీళ్లలో కదలిక. ఛాతీ లోతు నీళ్లలో నిలబడితే చీలమండ దగ్గర ఏ స్టాకింగూ ఇవ్వలేనంత ఒత్తిడి ఉంటుంది, మోకాళ్ల మీద బరువేమో చాలావరకు పోతుంది. ఈత రాకపోయినా ఫర్వాలేదు, గట్టు పట్టుకుని నడవడం, మోకాళ్లు లేపడం చాలు. ఆడవాళ్లకి వేరే సమయం ఉన్న స్విమ్మింగ్ పూల్ నెల్లూరులో కనుక్కుని మీ సెలవు రోజున వెళ్లగలిగితే అంతకంటే మంచి చికిత్స నాకు తెలియదు. చెరువులో బాగుంది కదా అని మైపాడు సముద్రంలోకో, కనిగిరి రిజర్వాయరులోకో, పెన్నలోకో మాత్రం దిగకండి. అక్కడ లోతు మన మాట వినదు.

పూల్ కుదరకపోతే నేల మీదే. స్టాకింగ్స్ వేసుకుని నడిస్తే, పిక్క కండరం లోపలి నుంచి నొక్కుతుంది, బిరుసు గుడ్డ బయటినుంచి ఆపుతుంది. మధ్యలో ఉన్న నీరు పైకి పోవాల్సిందే. సైకిలు తొక్కడమూ మంచిదే. పరుగులు, గెంతులు వద్దు, మోకాళ్లకి మంచిది కాదు. మీ పనిలోనే చేసుకోగలిగింది ఒకటి చెబుతాను. కస్టమరు ముందు పరిచిన చీర మళ్లీ మడత పెట్టేటప్పుడు, ఆ చీర మడత అయ్యేలోపు కౌంటరు వెనక పది సార్లు మడమలు లేపి దించండి. రోజుకి ఎన్ని చీరలు మడుస్తారో మీకే తెలుసు. ఎవరికీ కనిపించదు, ఎవరినీ అడగక్కర్లేదు.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి చెప్పాలి. బట్టల షాపుల్లో మన ఆడపిల్లల్ని పది గంటలు కూర్చోనివ్వకుండా నిలబెట్టడం నాకు ఏనాడూ మింగుడుపడలేదు. కేరళలో 2018లో, పక్కనే తమిళనాడులో 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వసతి ఉండాలని చట్టం మార్చారు. మీ ఓనరుగారికి డాక్టరు చీటీ చూపించి, కస్టమర్లు లేనప్పుడు కూర్చోవడానికి ఒక స్టూలు అడగండి. గంటకి ఐదు నిమిషాలు చాలు. మీకు ఇస్తే పక్కన నిలబడ్డ అమ్మాయిలకీ ఇవ్వకతప్పదు.

మూడో చోటు చేతి చికిత్సది. లింఫ్ డ్రైనేజ్ మసాజ్ అంటారు. డెన్మార్క్ మనిషి ఎమిల్ వొడ్డర్ 1930లలో దీన్ని ఒక పద్ధతిగా తీర్చిదిద్దారు. ఇది మనవాళ్లు చేసే మాలిష్ కాదు. నూనె ఉండదు. పిసకరు, చరచరు. మెడ దగ్గర, పొట్ట మీద, గజ్జల దగ్గర మొదలుపెట్టి, పసిబిడ్డ మాడు నిమిరినంత తేలిగ్గా చర్మాన్ని మాత్రం కదుపుతూ కాళ్ల దాకా వస్తారు. చేయించుకుంటుంటే నిద్రొస్తుంది. మీ సెంటరు వాళ్లు మొదటి రోజే పిక్కలు గట్టిగా పిండుతూ కొవ్వు కరగాలంటే నొప్పి ఓర్చుకోవాలి అన్నారంటే చెప్పులేసుకుని వచ్చేయండి. లిపిడీమా కాళ్లలో సన్నటి రక్తనాళాలు తేలిగ్గా చిట్లుతాయి, ఆ నీలం మచ్చలు అందుకే. గట్టి మాలిష్, కప్పింగ్, రోలర్లు మీకు పనికిరావు.

సరిగ్గా చేస్తే నొప్పి, బరువు తగ్గుతాయి. నిలబడదు, అదే దాని లోటు. అందుకే పూర్తి చికిత్సలో మసాజ్ ఒక్కటే ఉండదు. మసాజ్ అయిన వెంటనే తక్కువ సాగే బ్యాండేజీని పొరలుగా కడతారు, ఆ కట్టుతోనే వ్యాయామం చేయిస్తారు, చర్మం సంరక్షణ నేర్పుతారు. నాలుగూ కలిస్తేనే ఆ చికిత్స. మెడికల్ షాపులో దొరికే బాగా సాగే క్రేప్ బ్యాండేజీ దానికి బదులు కాదు, పడుకున్నప్పుడు కూడా అది కాలుని పిసుకుతూనే ఉంటుంది.

ఈ పోలిక గురించి పరిశోధనలు తక్కువే, ఉన్నవి కొద్దిమంది మీద చేసినవే. అయినా మీ ప్రశ్నకి దగ్గరగా ఒకటుంది. 2021లో టర్కీ డాక్టర్లు ప్రచురించారు. లిపిడీమా బాగా ముదిరిన ఆడవాళ్లని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి చేతి మసాజు, కట్లతో పూర్తి చికిత్స, వ్యాయామం. రెండో గుంపుకి గాలి పంపు (మీ తమ్ముడు చెప్పిన మిషన్ లాంటిదే), వ్యాయామం. మూడో గుంపుకి వ్యాయామం ఒక్కటే. కాళ్ల పరిమాణంలో ఎక్కువ తేడా మొదటి గుంపులో కనిపించింది. మీరు గమనించాల్సింది, మూడు గుంపుల్లోనూ ఉన్నది వ్యాయామం. అంతకుముందు 2008లో హంగరీ డాక్టర్లు చేతి చికిత్సకి గాలి పంపు కూడా కలిపి చూశారు. కాళ్లు రెండు విధాలా కొంత తగ్గాయి, పంపు కలిపినందుకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

కాబట్టి మీ సెంటరు వాళ్లని మూడు మాటలు అడగండి. లింఫ్ డ్రైనేజ్ నేర్చుకున్న ఫిజియోథెరపిస్టు ఎవరు? మసాజ్ తర్వాత కట్లు కడతారా? ఇరవై కాకుండా ముందు ఐదు సిట్టింగులకి డబ్బు తీసుకుంటారా? మూడింటిలో ఏ ఒక్కదానికి నీళ్లు నమిలినా ఆ ప్యాకేజీ వద్దు. మీ దశలో, పాదాల్లో వాపు లేనప్పుడు, అది లేకుండానే మొదలుపెట్టొచ్చు. రెండు మూడు నెలలు స్టాకింగ్స్, నడక చేసినా నొప్పి అలాగే ఉంటే అప్పుడు ఐదు సిట్టింగులు చేయించుకుని చూడండి.

మీ తమ్ముడు చెప్పిన గాలి మిషన్ నా వరసలో చివరిది. కాలికి పొడుగు తొడుగు వేస్తారు, అందులో అరలుంటాయి, పాదం వైపు నుంచి ఒక్కో అరా గాలితో నిండుతూ పైకి వస్తుంది. అరగంట, ముప్పావుగంట పడుకుని ఉంటే చాలు. రాత్రి తొమ్మిదిన్నరకి ఇల్లు చేరే మనిషికి ఆ సుఖం తక్కువేం కాదు, కొంతమందికి నొప్పి తగ్గుతుంది కూడా. కానీ పడుకుని ఉన్నంతసేపూ పిక్క కండరం నిద్రపోతూనే ఉంటుంది. కొనేముందు అద్దెకి దొరికితే రెండు వారాలు వాడి చూడండి. ఒత్తిడి తక్కువలో పెట్టుకోవాలి, ఎక్కువ పెడితే ఎక్కువ లాభం అనుకోకూడదు. వైబ్రేషన్ ప్లేట్లు, షాక్ వేవ్, అంటించే టేపుల గురించి కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. వాటికోసం ఇప్పుడు డబ్బు తీయకండి. ఇంకోటి, నీరు పోయే మాత్రలు మీ అంతట మీరు వేసుకోవద్దు, ఇది ఆ నీరు కాదు.

స్టాకింగ్స్ కానీ, కట్లు కానీ, పంపు కానీ మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టరుకి చూపించుకోవాలి. నెల్లూరు సర్వజన ఆసుపత్రి ఓపీలోనైనా చాలు. పాదాల్లో నాడి చూడమని, షుగరు, థైరాయిడ్ పరీక్షలు, కాళ్ల సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ అవసరమేమో చెప్పమని అడగండి. కాలికి రక్తం తీసుకెళ్లే ధమనులు బాగా మూసుకుపోయినవాళ్లకీ, గుండె బలహీనమై ఆయాసపడేవాళ్లకీ ఈ ఒత్తిడి ప్రమాదం. షుగరుతో పాదాలు మొద్దుబారినవాళ్లకి కోసుకున్నా తెలియదు. ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పుట్టినా, ఎర్రబడి చలిజ్వరం వచ్చినా, ఊపిరి అందకపోయినా అన్నీ పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. రోజూ రాత్రి పడుకునేముందు నొప్పికి సున్నా నుంచి పదిలో ఎంతో ఒక అంకె వేయండి. వారానికోసారి కొత్త నీలం మచ్చలు ఎన్నో రాయండి. జొన్నవాడ మీకు దగ్గరే కదా, నెలకోసారి కామాక్షమ్మ గుడికి వెళ్లినప్పుడు ఎన్ని ప్రదక్షిణలకి కాళ్లు మొరాయించాయో రాయండి. టేపు కొలత మూడు నెలలకోసారి చాలు, కాటా ఎక్కడం అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. మూడు నెలల తర్వాత ఆ పేజీలు ఫొటో తీసి పంపండి, చేతి చికిత్స అవసరమా కాదా అప్పుడు చూద్దాం.

స్టాకింగ్స్‌కి కొలత మాత్రం పొద్దున్నే ఇవ్వాలి, బస్సెక్కక ముందే. బుచ్చి నుంచి నెల్లూరు దాకా నిలబడి వచ్చి, షాపు అయ్యాక సాయంత్రం కొలత ఇస్తే అవి వాచిన కాళ్ల కొలతలవుతాయి. కొలిచే అమ్మాయిని మీ ఇంటికే రమ్మని అడగండి, రాలేనంటే మంచం దిగగానే మీ ఆయన చేత టేపు పట్టించండి: చీలమండ పైన అన్నిటికంటే సన్నగా ఉన్నచోట, పిక్క లావు దగ్గర, మోకాలి కింద, తొడ మధ్యలో, తొడ పైన. టేపు ఒంటికి ఆనాలి, నొక్కకూడదు. రెండు కాళ్లకీ విడివిడిగా రాసుకోండి.